డ్రిఫ్ట్‌వుడ్‌తో మొక్కల అక్వేరియం: కొయ్యను ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలబెట్టాలి

రెండడుగుల తొట్టి (60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు) అనుకుందాం. ఇందులో ముందు కుదరాల్సింది డ్రిఫ్ట్‌వుడ్, అంటే నీళ్లలో అందానికి పెట్టే ఎండు కొయ్య. అది కుదరకుండా మొక్కలు కొంటే డబ్బు దండగ.

ఏళ్ల తరబడి ఎండిన జామ మొద్దు, జామ వేరు బాగా పనికొస్తాయి. బెరడు పూర్తిగా ఒలిచేయండి. గోరు దిగబడేంత మెత్తగా ఉంటే వద్దు, నీళ్లలో కుళ్లుతుంది. యూకలిప్టస్, వేప జోలికి పోకండి. మైపాడు, కొత్తపట్నం తీరాలకు కొట్టుకొచ్చే కొయ్యలు ముచ్చటగా ఉంటాయి గానీ లోపలిదాకా ఉప్పు పట్టి ఉంటాయి. నెలల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.

తెచ్చిన కొయ్యను రెండు గంటలు ఉడకబెట్టి, రెండు మూడు వారాలు నానేయాలి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. దానివల్ల చేపలకు హాని లేదు, మొక్కలకే వెలుతురు తగ్గుతుంది.

నానినా చాలా కొయ్యలు తేలతాయి. తేలకుండా కొయ్య అడుగున బిగించడానికి మార్కాపురం పలకను మించింది లేదు: బరువుంటుంది, నీళ్లలో కరగదు. కొయ్య అడుగు భాగం కన్నా కాస్త పెద్ద ముక్క తీసుకుని, నీళ్లు చల్లుతూ నెమ్మదిగా బెజ్జం వేయండి. తొందరపడితే పొరలుగా విడిపోతుంది. కింది నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ బిగించాలి. మామూలు ఇనుప స్క్రూ అయితే తుప్పు పడుతుంది. స్క్రూ తల అద్దానికి తగిలితే బరువంతా ఒక్కచోటే పడి అద్దం పగలొచ్చు. అందుకే పలక అడుగున రెండు అంచులకూ సన్నటి పలక పట్టీలు అక్వేరియం సిలికాన్‌తో అంటించి, ఒకరోజు ఆరనివ్వండి. నాపరాయి మాత్రం వాడొద్దు, అది సున్నపురాయి. నీటి కఠినత్వం పెంచుతుంది.

కొయ్యను ఇసుక మీద కాదు, ఖాళీ అద్దం మీదే ముందు పెట్టాలి. సరిగ్గా నడుమ పెడితే బొమ్మల కొలువులా ఉంటుంది. ఒక పక్క నుంచి 20-23 సెం.మీ. దూరంలో మొదలు ఉంచి, కొమ్మలు ఖాళీ వైపు వాలేలా తిప్పండి. ఎత్తు 20 సెం.మీ. దాటకుండా చూసుకోండి. చుట్టూ అద్దానికి 4-5 సెం.మీ. వదలకపోతే నాచు గీకడానికి చెయ్యి దూరదు. మీరు రోజూ కూర్చునే చోటు నుంచే చూసి సరిచేసుకోండి. నిలబడి చూస్తే అందమంతా వేరుగా కనబడుతుంది.

ఇసుక ముందు 3, వెనక 9 సెం.మీ. పోస్తే దాదాపు 17 కిలోలు పడుతుంది. పెన్నా ఇసుకను జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చిందా, గవ్వల పొడి కలిసినట్టే, పక్కన పెట్టేయండి. వాలు జారకుండా ఇసుకలో పలక ముక్కలు అడ్డంగా పాతాలి. ఇసుకలో పోషకాలుండవు కాబట్టి వేర్లున్న మొక్కల దగ్గర రూట్ ట్యాబ్లు (ఎరువు బిళ్లలు) గుచ్చాలి.

అనుబియాస్, జావా ఫెర్న్‌లను కొయ్యకే తంగూసుతో కట్టండి. వాటి దుంపకాండం ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. కొయ్య నీడలో క్రిప్టోకొరైన్, వెనక వాలిస్నేరియా. ఈ రెండూ మన బోరు నీళ్ల కఠినత్వాన్ని తట్టుకుంటాయి. క్రిప్టో ఆకులు మొదట్లో కరిగిపోయినా పీకేయకండి, వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద పళ్లెం పెట్టి దానిమీద ధార వదలండి. లైటు రోజుకు 6 గంటలతో మొదలుపెట్టి, కొత్త ఆకులు వచ్చాక 8 చేయండి. తొలి వారాల్లో కొయ్యమీద తెల్లటి జిగట పొర కడుతుంది. బ్రష్‌తో రుద్దితే చాలు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే మాత్రం కొయ్యను బయటికి తీయాల్సిందే. నెల, నెలన్నర గడిచి, నీటి పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ (రెండూ చేపలకు విషమే) సున్నా చూపించాకే చేపలు.

రోహిణి కార్తెలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి. ఆవిరైనంత మేరకు బోరు నీళ్లు కాక, ఆర్‌ఓ నీళ్లు పోయాలి. లేకపోతే లవణాలు మిగిలిపోయి కఠినత్వం పెరుగుతూ పోతుంది.