అద్భుత కథల హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్‌లను కంప్యూటర్‌లో ఎలా ఆడాలి?

హిడెన్ ఆబ్జెక్ట్ అడ్వెంచర్ గేమ్‌లో ఆటగాడికి ముఖ్యంగా మూడు పనులుంటాయి. సామాను చిందరవందరగా పడి ఉన్న బొమ్మలో అడిగిన వస్తువులను వెతికి పట్టుకోవాలి. దొరికిన వస్తువును కథలో అవసరమైన చోట వాడాలి. దారిలో ఎదురయ్యే తాళాలను, యంత్రాలను, చిక్కుముడులను విప్పాలి. నిద్రపోయే రాజకుమారి, కప్పగా మారిన రాజకుమారుడు, మంచు రాణి వంటి అద్భుత కథల మీద అల్లిన గేమ్‌లలో ఈ మూడు పనులకూ కథే ఆధారంగా నిలుస్తుంది. అందుకే వీటిని కంటిచూపు ఆట అనుకోవడం కంటే, కథ చదువుతూ ఆడే ఆట అనుకుంటే తొందరగా పట్టుబడతాయి. వేగంగా గురిపెట్టవలసిన అవసరం గానీ, కీబోర్డు మీద పది వేళ్లూ ఆడించవలసిన అవసరం గానీ ఉండదు కనుక, ఇంతవరకు కంప్యూటర్ గేమ్ ముట్టుకోని పెద్దవారు కూడా ఒక్క మౌస్‌తో హాయిగా మొదలుపెట్టవచ్చు.

మొదటి గేమ్‌ను ఎంచుకోవడం

కొత్తవారికి నేను చెప్పే పేరు డార్క్ పారబుల్స్. బ్లూ టీ గేమ్స్ రూపొందించగా బిగ్ ఫిష్ గేమ్స్ విడుదల చేసిన ఈ వరుసలో మొదటిదైన కర్స్ ఆఫ్ బ్రయర్ రోజ్ 2010లో వచ్చింది. ముళ్లపొదల నడుమ నిద్రపోతున్న రాజకుమారి కథ దీనికి మూలం. రెండవ గేమ్‌కు కప్ప రాజకుమారుడి కథ ఆధారం. గ్రిమ్ సోదరులు 1812లో వెలువరించిన జర్మన్ కథల సంపుటిలో మొట్టమొదటి కథ కూడా అదే. పోలెండ్‌కు చెందిన ఆర్టిఫెక్స్ ముండి సంస్థ 2014లో మొదలుపెట్టిన గ్రిమ్ లెజెండ్స్ వరుస కూడా మంచిదే. అయితే అందులో భయపెట్టే చీకటి వాతావరణం కాస్త ఎక్కువ కనుక, చిన్నపిల్లలతో కలిసి ఆడాలనుకునేవారు డార్క్ పారబుల్స్‌లోని తొలి గేమ్‌తో మొదలుపెట్టడమే మేలు.

ఒకే గేమ్ తరచుగా స్టాండర్డ్ ఎడిషన్, కలెక్టర్స్ ఎడిషన్ అని రెండు రూపాల్లో దొరుకుతుంది. రెండవదానిలో అసలు కథ ముగిశాక ఆడుకునేందుకు అదనపు అధ్యాయం, దారి చూపే గైడ్, బొమ్మలు, సంగీతం ఉంటాయి, ధర కూడా ఎక్కువే. అసలు కథ రెండింటిలోనూ పూర్తిగానే ఉంటుంది కాబట్టి మొదటిసారి ఆడేవారికి స్టాండర్డ్ సరిపోతుంది.

డబ్బు చెల్లించే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, గేమ్ మన కంప్యూటర్‌లో నడుస్తుందా అన్నది. ఈ గేమ్‌లకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, మామూలు లాప్‌టాప్ చాలు. కానీ ఆపిల్ కంప్యూటర్ వాడేవారు జాగ్రత్తపడాలి, ఎందుకంటే 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా (ఆపిల్ కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ) నుంచి 32 బిట్ అనే పాత తరహా ప్రోగ్రాములు నడవడం ఆగిపోయింది, పాత హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్‌లలో చాలా వాటికి ఆ రూపం మాత్రమే ఉంది. రెండవది, నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో కొన్న గేమ్‌ను 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందే వెనక్కిచ్చి డబ్బు తిరిగి అడగవచ్చు. చాలా గేమ్‌లకు ఉచిత డెమో కూడా ఉంటుంది. దానితో అరగంట ఆడి చూస్తే బొమ్మల తీరు మన కంటికి సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. ఊరూపేరూ లేని సైట్లలో ఉచితంగా దొరికే కాపీలను మాత్రం దింపుకోకండి, వాటి వెంట వైరస్ రావచ్చు.

తెరను, స్థాయిని సరిచేసుకోవడం

గేమ్ తెరవగానే ఆట మొదలుపెట్టకుండా ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఫుల్ స్క్రీన్ పెట్టుకోవాలి, బొమ్మ అడ్డంగా సాగిపోయినట్టు కనిపిస్తే వైడ్ స్క్రీన్ ఎంపికను మార్చాలి, తెర వెలుగును కొంచెం పెంచాలి. కోట నేలమాళిగలు, రాత్రివేళ అడవులు ఈ గేమ్‌లలో ఎక్కువ. వెలుగు తక్కువైతే మూలన ఉన్న నల్ల తాళంచెవి ఎంత వెతికినా కనబడదు. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఆడవచ్చు గానీ, విడిగా ఒక మౌస్ పెట్టుకుంటే చేతికి శ్రమ తగ్గుతుంది.

తరువాత స్థాయి ఎంచుకోమని అడుగుతుంది. క్యాజువల్ స్థాయిలో వెతకవలసిన చోట్లు తళుకుమంటూ మెరుస్తాయి, హింట్ (ఎక్కడ వెతకాలో చూపే సాయం బటన్, ఒకసారి వాడాక మళ్లీ నిండేవరకు ఆగాలి) త్వరగా నిండుతుంది. పై స్థాయిలలో మెరుపులు తగ్గిపోయి, హింట్ నిండడానికి చాలాసేపు పడుతుంది. మొదటి గేమ్ క్యాజువల్‌లోనే ఆడండి, అందులో తక్కువతనం ఏమీ లేదు. ఆట తీరు చేతికి అలవాటైన తరువాత పై స్థాయిలో కథను ఆస్వాదించే తీరిక కూడా దొరుకుతుంది.

ప్రతి చోటునూ ముందు కళ్లతో చదవడం

కొత్త చోటుకు వెళ్లగానే ఏదీ నొక్కకుండా, మౌస్‌ను బొమ్మ మీద నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి జరపండి. మౌస్ గుర్తు దారి చూపే బాణంగా మారితే అటు దారి ఉంది; భూతద్దంగా మారితే దగ్గరగా చూడవలసినది ఉంది; చేయిగా మారితే తీసుకోదగిన వస్తువు ఉంది. గేమ్‌ను బట్టి ఈ గుర్తులు కొద్దిగా మారినా పద్ధతి ఇదే.

దగ్గరగా చూసినప్పుడు కనబడే గుంటల ఆకారాన్ని బాగా గుర్తుంచుకోవాలి. ఉదాహరణకు, ఒక పెట్టె మూత మీద గులాబీ ఆకారంలో లోతుగా చెక్కిన చోటు ఖాళీగా ఉందనుకుందాం. ఆ ఖాళీలో ఐదు రేకులు, కింద చిన్న కాడ, కాడకు ఎడమవైపు ఒకే ఆకు ఉన్నాయి. తరువాత మూడు గదులు దాటాక మీకు గులాబీ పతకం దొరికితే, దాని ఆకు ఏ వైపు ఉందో చూస్తే చాలు, అది ఈ పెట్టెదో కాదో వెంటనే తేలిపోతుంది. ఇలాంటి గుంట కనబడిన ప్రతిసారీ అది ఏ గదిలో ఉందో ఒక కాగితం మీద రాసుకోవడం మంచి అలవాటు. గేమ్‌లోని జర్నల్ కథను రాసిపెడుతుంది గానీ ఇలాంటి సూక్ష్మాలను ప్రతిసారీ రాయదు.

కథ తెలిసి ఉండడం ఇక్కడే అక్కరకొస్తుంది. రాట్నం కదురు, విషపు ఆపిల్, అద్దం, బంగారు బంతి, ఎర్ర టోపీ అంగీ కనబడితే అవి అలంకారం కోసం పెట్టినవి కావని, ఏదో ఒక మలుపుకు తాళంచెవులని ముందే అనుకోవచ్చు. బాలనాగమ్మ కథ విన్న మనకు మాంత్రికుడి ప్రాణం దూరాన ఎక్కడో ఒక చిలుకలో ఉంటుందన్నది కొత్త సంగతి కాదు. ఐరోపా కథల్లో కూడా శాపం ఒక వస్తువులో ఉంటుంది, దాన్ని సరైన చోటికి చేర్చినప్పుడే విడుతుంది.

వస్తువులను వెతికే పద్ధతి

వస్తువుల కుప్ప ఉన్న దృశ్యం తెరుచుకోగానే జాబితా మొత్తం ఒకసారి చదివి, పెద్దవాటిని, మనుషులు తయారుచేసిన నిటారు గీతల వస్తువులను ముందు తీసేయాలి. నిచ్చెన, కత్తి, గొడుగు వంటివి పోతే బొమ్మ తేలికపడుతుంది. ఆ తరువాత తెరను నాలుగు భాగాలుగా అనుకుని ఒక్కొక్క భాగాన్నే చూడాలి. చిత్రకారులు వస్తువును దాచే తీరులు కొన్నే ఉంటాయి: అదే రంగు నేపథ్యం మీద పెట్టడం, తలకిందులు చేయడం, గోడ మీది బొమ్మలాగా లేదా చెక్క మీది చెక్కడంలాగా గీయడం, సగం మాత్రమే బయటికి కనబడనివ్వడం. బల్లి గోడ పగులులో, పాము తాడులా, ఈక ఆకుల మధ్య ఉండే అవకాశం ఎక్కువ.

జాబితా సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి తెలుగు ఆటగాళ్లకు ఒక అదనపు చిక్కు ఉంది. బో అని అడిగితే విల్లు కావచ్చు, రిబ్బన్ ముడి కావచ్చు, వయొలిన్ కమాను కూడా కావచ్చు. నెయిల్ అంటే మేకు, గోరు రెండూ. ఒక అర్థంతో దొరకకపోతే రెండవ అర్థంతో వెతకాలి. క్విల్, థింబుల్, సికిల్ వంటి మాటలు ఈ కథల్లో పదేపదే వస్తాయి: రాసే ఈక, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు, కొడవలి. రెండు మూడు గేమ్‌లు ఆడేసరికి ఇవన్నీ వాటంతటవే నోటికొస్తాయి.

జాబితాలో కొన్ని పేర్లు వేరే రంగులో ఉంటే అవి నేరుగా దొరకవని అర్థం. ముందు ఒక చిన్న పని చేయాలి: సొరుగు లాగాలి, పెట్టె మూత తీయాలి, కొవ్వొత్తికి అగ్గిపుల్ల చేర్చాలి. డార్క్ పారబుల్స్‌లో ఇంకొక పద్ధతి ఉంది. పేర్లకు బదులు ముక్కల నీడలు చూపుతుంది. విరిగిన వస్తువు ముక్కలన్నీ ఏరితే అవి ఒకటిగా అతుక్కుని మీ సామానులో, అంటే ఏరిన వస్తువులు ఉండే పట్టీలో, చేరతాయి. నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే పేరు తెలియకపోయినా ఆకారాన్ని పట్టుకుని వెతకవచ్చు, దొరికిన ప్రతి ముక్కా కథలో ఒక అవసరాన్ని తీరుస్తుంది.

దొరక్కపోయేసరికి తెరంతా టకటకా నొక్కడం మాత్రం చేయకండి. చాలా గేమ్‌లు అలా నొక్కేవారిని గుర్తుపట్టి, మౌస్‌ను కొన్ని క్షణాలు పనిచేయనివ్వవు.

చిక్కుముడులు విప్పడం

కొత్తవారు ఎక్కువగా ఆగిపోయేది జరిపే పలకల దగ్గర. మూడు వరసలు, మూడు నిలువులు ఉండి ఒక చోటు ఖాళీగా వదిలిన బొమ్మ పలకలను జరిపి సరిచేయమన్నారనుకోండి. పై వరసను ముందు పూర్తిచేయాలి. మొదటి పలకను దాని మూలలో పెట్టేశాక, మూడవ పలకను రెండవదాని చోట ఉంచి, రెండవ పలకను సరిగ్గా దాని కింద పెట్టి, పై కుడి మూలను ఖాళీగా ఉంచండి. ఇప్పుడు మూడవ పలకను కుడికి జరిపితే మూలలో కూర్చుంటుంది, రెండవది పైకి జరుగుతుంది. వరస పూర్తయింది, ఇక దాన్ని కదపనక్కర్లేదు. తరువాత ఎడమ నిలువును ఇదే ఉపాయంతో పూర్తిచేస్తే మిగిలేది నాలుగు చోట్లే, అక్కడి మూడు పలకలను చుట్టూ తిప్పితే వాటంతటవే సర్దుకుంటాయి.

ఒకదాన్ని తిప్పితే మరొకటి తిరిగే చక్రాలున్నప్పుడు, ఏది దేనిని తిప్పుతుందో ఒక్కొక్కటీ తిప్పి రాసుకోవాలి. తాను తిరిగినా మరే చక్రాన్నీ కదపని చక్రం ఏదైనా ఉంటే దాన్ని చివరికి వదలవచ్చు. నొక్కితే చుట్టూ ఉన్న దీపాలు కూడా వెలిగి ఆరే పలకల్లో ఏ క్రమంలో నొక్కినా ఫలితం ఒకటే, ఒకే దీపాన్ని రెండుసార్లు నొక్కితే ఆ రెండూ రద్దవుతాయి. ఈ సంగతి తెలిస్తే సగం తికమక పోతుంది. చిక్కుపడిన దారాలలో ముడులను ముందు అంచులకు లాగాలి.

ఆగిపోయినప్పుడు

ముందు మ్యాప్ తెరవండి. చేయవలసిన పని మిగిలిన చోట చాలా గేమ్‌లలో ఆశ్చర్యార్థకం కనబడుతుంది, అక్కడికి నేరుగా వెళ్లవచ్చు కూడా. తరువాత సామానును పరీక్షించండి. కూడిక గుర్తు ఉన్న వస్తువుకు ఇంకొకటి కలపాలి. అప్పటికీ దారి కనబడకపోతే హింట్ వాడండి, దానికోసమే అది ఉంది. చిక్కుముడికి స్కిప్ బటన్ కొంతసేపటికి నిండుతుంది. అది నిండేవరకు ప్రయత్నించి, విసుగొస్తే దాటేయండి. పూర్తి గైడ్ చదవడం మాత్రం చివరి దారిగా ఉంచుకోవాలి, ఒక్క జవాబు కోసం తెరిస్తే రాబోయే మలుపులు కూడా కంటపడతాయి.

కంటికి శ్రమ ఎక్కువైన ఆట కాబట్టి ప్రతి 20 నిమిషాలకు ఒకసారి తల ఎత్తి కొన్ని క్షణాలు దూరంగా చూడాలి. మూసేటప్పుడు మెయిన్ మెనూ వరకు వచ్చి బయటికి వెళ్తే ఆట ఎక్కడ ఆగిందో సరిగ్గా నమోదవుతుంది. ఇంట్లో ఇద్దరు ఆడుతుంటే ప్రతి ఒక్కరికీ వేరే ప్రొఫైల్ చేసుకోవాలి.

కలెక్టర్స్ ఎడిషన్ కొన్నవారు అదనపు అధ్యాయాన్ని అసలు కథ ముగిశాకే ఆడాలి, లేకపోతే ముగింపు ముందే తెలిసిపోతుంది. దారిపొడవునా ఏరుకునే చిన్న వస్తువులను మాత్రం మొదటి గది నుంచే వెతకండి. కొన్ని గేమ్‌లలో ఒక అధ్యాయం దాటాక వెనక్కి వెళ్లడం కుదరదు, అవి కావాలంటే మళ్లీ మొదటి నుంచి ఆడవలసి వస్తుంది.