ఇంట్లోనే సి ప్రోగ్రామింగ్ – 7వ పాఠం: లైబ్రరీ ఎప్పుడు కలుస్తుంది?

పోయిన పాఠంలో బత్తాయి కాటా లెక్కల ప్రోగ్రామ్‌ను ఆబ్జెక్ట్ ఫైలు (కంపైలయ్యి, ఇంకా లింక్ కానిది) దాకా తెచ్చాం. దాన్ని నల్లగొండలో నా లాప్‌టాప్‌లో పూర్తి చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దేవరకొండలో మా బావమరిది దుకాణానికి పట్టుకుపోయాను. ఎంటర్ కొట్టానో లేదో, లిబ్‌ఎస్‌క్యూలైట్3 ఫైలు తెరవలేనంటూ ఆగిపోయింది. "ఇంటికాడ నడిచిందంటివి గద బావా" అన్నాడు. నడిచింది, అబద్ధం కాదు. నా దగ్గర ఆ లైబ్రరీ, అంటే మన ప్రోగ్రామ్ వాడుకునే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది, అతని దగ్గర లేదు.

ఇది డైనమిక్ లింకింగ్. మన ఫైల్లో లైబ్రరీ కోడ్ ఉండదు, ఫలానాది కావాలని పేరు మాత్రం ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లోడర్ ఆ పేర్లు చదివి, ఎస్ఓ (.so) ఫైళ్లను, అంటే విడిగా ఉండే లైబ్రరీ ఫైళ్లను, వెతికి మెమరీలోకి తెస్తుంది. ఒక్కటి దొరక్కపోయినా మెయిన్ ఫంక్షన్ దాకా కూడా పోదు. లినక్స్‌లో ఎల్‌డీడీ (ldd) కమాండ్‌కు మీ ప్రోగ్రామ్ పేరు ఇచ్చి చూడండి. లేని లైబ్రరీ పక్కన 'నాట్ ఫౌండ్' అని కనిపిస్తుంది. దేవరకొండ పోకముందే నేను అడగాల్సింది ఇదే.

స్టాటిక్ అంటే సద్ది కట్టుకుని పోవడం. లింకర్ (ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్‌గా కట్టేది) కావలసిన కోడ్‌ను డాట్ ఏ (.a) అనే లైబ్రరీ ఫైలు నుంచి తీసి మన ఫైల్లోనే పెట్టేస్తుంది. జీసీసీ కంపైలర్‌కు మైనస్ స్టాటిక్ (-static) అని ఇస్తే చాలు. కాకపోతే మూట బరువు: ఒక్క ప్రింట్‌ఎఫ్ ఉన్న ప్రోగ్రామ్ డైనమిక్‌గా సుమారు 16 కేబీ ఉంటే, గ్లిబ్‌సీతో (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) స్టాటిక్‌గా 700 కేబీ దాటుతుంది. సైజు కంటే నాకు టెన్షన్ పెట్టేది వేరే. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, డైనమిక్ ప్రోగ్రామ్‌లకు లైబ్రరీ ఒక్కటి మార్చి రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. ఆ లైబ్రరీని స్టాటిక్‌గా కలుపుకున్నవాటిని మాత్రం ఒక్కొక్కటే మళ్లీ కట్టాల్సి వచ్చింది.

మూడోది, నడుస్తుండగా మనమే పిలవడం. బావమరిది దగ్గర చీటీ ప్రింటర్ ఉంది, మీ దగ్గర ఉండకపోవచ్చు. అందుకని ప్రింటర్ కోడ్‌ను విడి ఎస్ఓగా పెట్టి, చీటీ అడిగినప్పుడే డీఎల్‌ఓపెన్‌తో తెరుస్తాం, డీఎల్‌సిమ్‌తో ఫంక్షన్ చిరునామా తీసుకుంటాం. తెరవలేకపోతే డీఎల్‌ఓపెన్ నల్ ఇస్తుంది. కారణం డీఎల్‌ఎర్రర్ చెబుతుంది. లెక్కలు మాత్రం ఆగవు. గ్లిబ్‌సీ 2.34కు ముందు వెర్షన్ అయితే లింక్ చేసేటప్పుడు మైనస్ ఎల్‌డీఎల్ (-ldl) మరవకండి.

వచ్చే పాఠానికి ఆ చీటీ ఎస్ఓ రాద్దాం. ఈలోపు మీ ప్రోగ్రామ్‌ను రెండు రకాలుగా కట్టి, రెండింటిమీదా ఎల్‌డీడీ నడిపి చూసి ఉండండి.