ఇన్నాళ్ళూ చూడని క్లాసిక్ హాలీవుడ్ సినిమాలు ఇప్పుడు చూడటం ఎలా?

కాసాబ్లాంకా, సైకో, రోమన్ హాలిడే... పేర్లన్నీ విన్నవే. చూశారా అంటే మాత్రం చాలామంది "ఎప్పటినుంచో అనుకుంటున్నా, కుదరట్లేదు" అంటారు. మూడు గంటల కొత్త సినిమాకి కుదిరిన టైమ్ గంటన్నర పాత సినిమాకి కుదరకుండా పోదు. అసలు చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. ఇంటర్నెట్‌లో "వంద గొప్ప సినిమాలు" అని వెతికి ఒకటో నంబరు నుంచి చూద్దామని కూర్చుంటారు. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1998లో వేసిన జాబితాలోనూ, 2007లో సవరించిన దానిలోనూ మొదటి పేరు సిటిజన్ కేన్. అది గొప్ప సినిమాయే, కాదనను. కానీ పాత సినిమాలు అలవాటు లేనివాళ్ళు దానితో మొదలుపెడితే సగంలోనే నిద్ర ముంచుకొస్తుంది. జాబితాలు పక్కన పెట్టేసి, కథ లాక్కెళ్ళే సినిమాతో మొదలుపెట్టండి.

1. ముందు ఒక గంటన్నర సినిమా

నా ఓటు 1957లో వచ్చిన 12 యాంగ్రీ మెన్‌కి. నిడివి 96 నిమిషాలు. బ్లాక్ అండ్ వైట్ అని వెనకాడేవాళ్ళకి ఒక మాట: మన మాయాబజార్ వచ్చింది కూడా ఆ ఏడాదే. దాన్ని ఎన్నిసార్లయినా చూసే మనకి రంగులు లేకపోవడం ఒక సమస్యా?

తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రాడికి శిక్ష పడాలా వద్దా అని పన్నెండుమంది జ్యూరీ సభ్యులు తేల్చాలి. పదకొండుమంది దోషి అంటారు, ఒక్కడు ఆగమంటాడు. సినిమా దాదాపు అంతా ఒకే గదిలో జరుగుతుంది. మండుటెండాకాలం, గోడకున్న ఫ్యాన్ తిరగదు, చొక్కాలు చెమటకి తడిసిపోతుంటాయి. అది దర్శకుడు సిడ్నీ లూమెట్‌కి మొదటి సినిమా. మొదట్లో కెమెరాని మనుషుల కంటి ఎత్తుకి పైన పెట్టి, మధ్యలో కంటి ఎత్తుకి దించి, చివరికి ఇంకా కిందకి తెచ్చాడు. దాంతో ఆఖరి భాగంలో గది పైకప్పు కూడా ఫ్రేములోకి వచ్చేసి, గోడలు మీదికి వస్తున్నట్టు అనిపిస్తుంది. మొదటిసారి చూస్తున్నప్పుడు ఇదేమీ పట్టించుకోనక్కర్లేదు, ఊపిరాడనట్టు ఎందుకు ఉందో తర్వాత అర్థమవుతుంది. ఇదే కథని బాసు ఛటర్జీ 1986లో హిందీలో ఏక్ రుకా హువా ఫైస్లాగా తీశారు. రెండూ చూసి పోల్చుకోవడం మంచి కాలక్షేపం.

2. టీవీని సరిచేసుకోండి

ఇది చిన్న పనే గానీ చాలామంది చెయ్యరు. పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మోషన్ అన్న మాటతో ఉండే ఆప్షన్లు ఆఫ్ చెయ్యండి. అవి ఆన్‌లో ఉంటే సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. 1953లో ద రోబ్ సినిమాతో సినిమాస్కోప్ అనే వెడల్పాటి తెర వచ్చేదాకా హాలీవుడ్ తెర దాదాపు చతురస్రంగానే ఉండేది. కాబట్టి టీవీకి అటూ ఇటూ నల్లటి పట్టీలు రావడమే కరెక్టు. తెర నిండాలని జూమ్ చేస్తే మనుషుల తలలు తెగిపోతాయి.

ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. 1940లో వచ్చిన హిస్ గర్ల్ ఫ్రైడేలో పాత్రలు ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. సబ్‌టైటిల్స్ లేకపోతే జోకులు సగం చెవికి అందకుండానే పోతాయి. తర్వాత రంగులు పూసిన వెర్షన్ల జోలికి పోకండి. ఆ వెలుగునీడలన్నీ నలుపు తెలుపులకే లెక్కగట్టి పెట్టినవి.

3. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ ముట్టుకోకండి

పాత సినిమా నెమ్మదిగా ఉంటుందన్న ఫిర్యాదు సగం ఫోన్ వల్ల వచ్చిందే. రెండో సినిమాగా హిచ్‌కాక్ తీసిన రియర్ విండో (1954) పెట్టుకుని పరీక్షించండి. మొదట్లో కెమెరా అపార్ట్‌మెంట్ల మధ్య పెరడంతా ఒక చుట్టు చుట్టి హీరో గదిలోకి వస్తుంది. నుదుటి మీద చెమట. కాలికి తొడ దాకా పిండికట్టు. బల్ల మీద పగిలిపోయిన కెమెరా. గోడ మీద, కారు రేసులో ప్రమాదం జరిగి చక్రం ఎగిరొస్తున్న ఫొటో. ఒక్క డైలాగ్ లేకుండానే అతను ఫొటోగ్రాఫర్ అనీ, కాలు ఎలా విరిగిందీ చెప్పేశాడు. ఆ టైమ్‌లో మీరు వాట్సాప్ చూసుకుంటే "ఇంకా కథ మొదలవలేదు" అనే అనిపిస్తుంది.

4. నచ్చిన మనిషి వెంట పడండి

రెండు మూడు సినిమాలు అయ్యాక మీకే ఒకరు నచ్చుతారు, నటుడో దర్శకుడో. ఇక ఆ మనిషి పట్టుకుని వెళ్ళిపోండి. ఎవరూ తట్టకపోతే దర్శకుడు బిల్లీ వైల్డర్‌ని పట్టుకోండి. బెర్లిన్‌లో కథలు రాసుకునే యూదు రచయిత. 1933లో హిట్లర్ రాగానే దేశం వదిలి వెళ్ళిపోయాడు. అమెరికా చేరేనాటికి ఇంగ్లిష్ అంతంత మాత్రం. అలాంటివాడు హాలీవుడ్‌లోకెల్లా పదునైన డైలాగులు రాశాడు.

1944లో డబుల్ ఇండెమ్నిటీ: ఇన్సూరెన్స్ ఏజెంటూ, ఒక కస్టమర్ భార్యా కలిసి ఆ కస్టమర్‌ని చంపి డబ్బు కొట్టేయాలని చూస్తారు. 1950లో సన్‌సెట్ బులెవార్డ్: జనం మర్చిపోయిన మూకీల తార ఒక పాత బంగళాలో, తను ఇంకా స్టార్‌నే అన్న భ్రమలో బతుకుతుంటుంది. ఆ పాత్ర వేసిన గ్లోరియా స్వాన్సన్ నిజంగానే మూకీల కాలపు పెద్ద స్టార్. ఆవిడ ఇంట్లో నౌకరుగా కనిపించే ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ఆ కాలంలో పేరుమోసిన దర్శకుడు, స్వాన్సన్‌తో సినిమా కూడా తీసినవాడు. ఈ సంగతి తెలిసి చూస్తే కొన్ని సీన్లలో ఒళ్ళు జలదరిస్తుంది. 1959లో సమ్ లైక్ ఇట్ హాట్: గూండాల నుంచి తప్పించుకోవడానికి ఇద్దరు మగవాళ్ళు ఆడవేషం వేసుకుని ఆడవాళ్ళ బ్యాండులో చేరతారు. 1960లో తీసిన ద అపార్ట్‌మెంట్‌కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ప్రమోషన్ ఆశతో పై అధికారుల చాటు వ్యవహారాలకి తన ఇంటి తాళంచెవి ఇచ్చే చిన్న గుమాస్తా కథ అది. ఆఫీసులో ఉద్యోగం చేసేవాళ్ళకి వీటన్నిటిలోకీ అదే దగ్గరగా అనిపిస్తుంది.

నాలుగూ ఒకే చెయ్యి రాసి తీసిన సినిమాలంటే నమ్మబుద్ధి కాదు. జాబితా పట్టుకుని ఒకటీ, రెండూ అని చూసుకుంటూ పోతే ఇలాంటిది కనిపెట్టే సరదా ఉండదు.

5. ఆ కాలపు నిబంధనలు తెలుసుకోండి

1934 నుంచి 1968లో రేటింగ్ పద్ధతి వచ్చేదాకా హాలీవుడ్‌లో హేస్ కోడ్ నడిచింది, అంటే తెర మీద ఏం చూపించకూడదో చెప్పే నిబంధనలు. నేరం చేసినవాడు తప్పించుకున్నట్టు చూపించకూడదు. మొగుడూపెళ్ళాలైనా తెర మీద వేరువేరు మంచాల మీద పడుకునేవారు. ఈ కోడ్ తెలిస్తే కొన్ని ముగింపులు ఎందుకు అలా హఠాత్తుగా నీతి చెబుతాయో అర్థమవుతుంది. ముద్దు ఎక్కువసేపు ఉండకూడదన్న ఆంక్ష వల్ల హిచ్‌కాక్ నటోరియస్ (1946)లో ఒక సుదీర్ఘమైన ముద్దుని మాటల మధ్య చిన్న చిన్న ముద్దులుగా విడగొట్టాడు. మన సినిమాల్లో రెండు పువ్వులు దగ్గరికి జరిగేవి, అదీ అలాంటి తెలివే.

నిబంధనల కన్నా ఇబ్బంది పెట్టేది జాతి విషయం. గాన్ విత్ ద విండ్ (1939) బానిసత్వాన్ని తియ్యటి జ్ఞాపకంలా చూపిస్తుంది. అందులో మామీ పాత్ర వేసిన హ్యాటీ మెక్‌డానియల్ ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి నటి. కానీ అట్లాంటాలో జరిగిన ప్రీమియర్‌కి ఆమె వెళ్ళలేకపోయింది. ఆస్కార్ వేడుకలో ఆమెని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సినిమా చూడండి, ఈ సంగతి గుర్తుపెట్టుకుని చూడండి.

6. పిల్లలుంటే మూకీలు

మూకీల కామెడీ స్టార్ బస్టర్ కీటన్ సినిమా షెర్లాక్ జూనియర్ (1924) ముప్పావు గంటలో అయిపోతుంది. మాటలు వినపడవు కాబట్టి భాష బాధ కూడా పెద్దగా లేదు. రైలు మీంచి నీళ్ళ ట్యాంకు గొట్టం పట్టుకుని వేలాడే సీన్‌లో మీద పడ్డ నీటి దెబ్బకి కీటన్ మెడ ఎముక నిజంగానే విరిగింది. ఆ సంగతి అతనికి ఏళ్ళ తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూసి చెబితేగానీ తెలియలేదు.

7. ఎక్కడ దొరుకుతాయి?

ఓటీటీల్లో సినిమాలు వస్తూ పోతూ ఉంటాయి. జస్ట్‌వాచ్ అనే వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఆ రోజు మన దేశంలో ఎక్కడుందో చూపిస్తుంది. అద్దెకి దొరికేవీ ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు తమ ఊరి లైబ్రరీ కార్డుతో కనోపీ అనే సినిమాల స్ట్రీమింగ్ సర్వీసు వస్తుందేమో అడగండి, చాలాచోట్ల ఉచితం. హిస్ గర్ల్ ఫ్రైడే, షరేడ్ (1963) లాంటివి అక్కడ కాపీరైట్ లేనివి కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి. అయితే ప్రింట్లు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి, రెండు మూడు తెరిచి బాగున్నది ఎంచుకోండి.

పెద్ద సినిమాలని సెలవురోజుకి ఉంచుకోండి. బెన్‌హర్ (1959) మూడున్నర గంటలు. పెట్టగానే మైకెలాంజెలో బొమ్మ ఒకటి కదలకుండా తెర మీద ఉండిపోయి, చాలాసేపు సంగీతం మాత్రమే వినిపిస్తుంది. హ్యాంగ్ అయిందనుకుని రిమోట్ కోసం వెతక్కండి. జనం హాల్లోకి వచ్చి కూర్చునేదాకా వాయించే సంగీతం అది. మధ్యలో ఇంటర్మిషన్ కూడా వాళ్ళే ఇచ్చారు, భోజనం అప్పుడు పెట్టుకోండి. రథాల పందెం ఆ తర్వాతే.