సోలార్ డ్రయ్యర్‌లో కొబ్బరి: పగలు పై తూము మూయకండి

కోనసీమలో కొబ్బరి ఆరబెట్టడానికి సోలార్ డ్రయ్యర్ వాడేవాళ్లు వేడి పోతోందని, లోపలి గాలి బయటికి పోయే పై తూము పగలు మూసేయకూడదు. కొబ్బరిని ఆరబెట్టేది కదిలే పొడిగాలి, ఉత్త వేడి కాదు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న మన డెల్టా గాలిని డ్రయ్యర్‌లోని నల్లరేకు పెట్టె ఎండతో 45 డిగ్రీలకు వేడిచేస్తే, అదే గాలిలో తేమ సుమారు 35 శాతానికి దిగుతుంది. అప్పుడే అది చిప్పలోని నీటిని లాగగలదు. లాగిన నీటితో బయటికి పోవాలి కదా! పోకపోతే అద్దం లోపలివైపు నీటి బొట్లు పడతాయి, మర్నాటికి చిప్పలు జిగురెక్కుతాయి. బొట్లు కనిపించాయంటే తూము చాలడం లేదన్నమాట. కింద గాలి వచ్చే దారి ఎంతో, పైది కనీసం అంత ఉండాలి.

కాయలు పొద్దున్నే కొట్టండి. నాలుగు గంటల్లోపు ఆరడం మొదలవ్వాలి, లేదంటే బూజు ఖాయం. నీళ్లు ఒంపేసి, కొబ్బరి పైకి ఉండేలా చిప్పల్ని ఒకే వరసలో పేర్చండి. లోపల 60 డిగ్రీలు దాటనివ్వకండి; పైపొర గట్టిపడి రంగు మారుతుంది, లోపల పచ్చిగానే మిగులుతుంది. రాత్రిళ్లు చెమ్మ రాకుండా రెండు దారులూ మూసేయాలి. తొలిరాత్రి మాత్రం చిప్పలు పచ్చిగా ఉంటాయి, పై తూము కాస్త తెరిచి ఉంచండి.

పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. నిల్వకు అది 6 శాతానికి దిగాలి. చిప్ప నుంచి ఊడదీసిన కిలో కొబ్బరిని గుర్తుగా వేరే ట్రేలో పెట్టి రోజూ తూయండి. 530 గ్రాముల దగ్గర ఆగితే, చల్లారాక సంచుల్లోకి ఎత్తొచ్చు.