కనెక్టింగ్ ఫ్లైట్ మిస్సయితే ఏం చేయాలి? మిస్సవకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలి?

శంషాబాద్‌లో విమానం ఎక్కి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు పిల్లలు వంద జాగ్రత్తలు చెబుతారు. మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో రెండో విమానం వెళ్లిపోతే ఏం చేయాలో మాత్రం చాలామంది చెప్పరు. మా అమ్మకు నేనూ చెప్పలేదు. ఆమె ఎక్కిన మొదటి విమానం ఆలస్యమైంది. పరుగున వెళ్లేసరికి రెండోదాని గేటు మూసేశారు. ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారని ఆ గేటు ముందే మూడు గంటలు కూర్చుంది. ఎవరూ రాలేదు. ఈలోపు తర్వాతి విమానంలో సీట్లు అయిపోయాయి. మీ ఇంట్లోవాళ్లకు ఈ పరిస్థితి రాకూడదనే ఇది రాస్తున్నాను.

టికెట్ కొనేటప్పుడు

ప్రయాణం మొత్తం ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండాలి. అలా ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఇంకో విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. చవకగా వస్తున్నాయని రెండు టికెట్లు విడివిడిగా కొంటే, రెండో కంపెనీ లెక్కలో మీరు రాని ప్రయాణికులు, అంతే. ఆ డబ్బు పోయినట్టే. పైగా లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయడానికి ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాల్సి వస్తుంది, దానికి చాలాచోట్ల ఆ దేశం వీసా కావాలి.

మధ్యలో ఎంత సమయం ఉండాలి? గంటన్నర చాలని వెబ్‌సైట్ చూపిస్తుంది. పెద్దవాళ్లకైతే నేను గల్ఫ్‌లో మూడు గంటలకు తక్కువ తీసుకోను. అమెరికాలో దిగి అక్కడే ఇంకో విమానం ఎక్కాలంటే నాలుగు గంటలు పెట్టుకోండి. మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవ్వాలి, బెల్టు మీద పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. అబుదాబి మీదుగా వెళ్తే ఆ అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. పెద్దవాళ్లకు ఇది నిజంగా పెద్ద వెసులుబాటు.

విదేశం నుంచి ఢిల్లీ మీదుగా విజయవాడకో విశాఖకో వస్తుంటే రెండో విమానం ఏ టెర్మినల్‌లో ఉందో ముందే చూసుకోండి. టెర్మినల్ 3 నుంచి టెర్మినల్ 1కి నడిచి వెళ్లలేం. డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల అక్కడ తెల్లవారుజాము విమానాలు తరచూ ఆలస్యమవుతాయి.

చెకిన్ కౌంటర్ దగ్గర

బోర్డింగ్ పాస్‌లు రెండూ అడిగి తీసుకోండి. లగేజీ ట్యాగు మీద ఏ ఊరి కోడ్ ఉందో కళ్లారా చూడండి. డాలస్‌కైతే డీఎఫ్‌డబ్ల్యూ ఉండాలి. రెండు మూడు రోజులకు సరిపడా మందులు, డాక్టర్ చీటీ, స్వెటర్, చార్జర్ హ్యాండ్ బ్యాగులోనే పెట్టండి. ఆవకాయ సీసా మాత్రం అందులో వద్దు, సెక్యూరిటీలో తీసేస్తారు. వీల్‌చైర్ కావాలంటే టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి.

ఇంకోటి, బోర్డింగ్ పాస్ మీద ఉండేది ఏ ఊళ్లో విమానం ఎక్కితే ఆ ఊరి టైము. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. చేతి వాచీ చూసుకుని కంగారు పడేవాళ్లున్నారు. దిగగానే గోడ మీది బోర్డు చూడమనండి.

ఆలస్యమైందని తెలియగానే

విమానంలో ఉండగానే సిబ్బందికి చెప్పండి. దిగాక ఎయిర్‌లైన్స్ యాప్ తెరవండి, చాలాసార్లు కొత్త విమానం అప్పటికే ఇచ్చి ఉంటారు. లేకపోతే నేరుగా ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కు, అంటే విమానం మారేవాళ్ల కౌంటర్‌కు వెళ్లాలి. మీరు క్యూలో ఉండగానే పిల్లలు ఇంటి నుంచి కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఇంకా మంచిది. ఎవరికి ముందు అందితే వాళ్లు సీటు పట్టుకోవచ్చు.

డెస్క్ దగ్గర నాలుగు అడగాలి: కొత్త బోర్డింగ్ పాస్, భోజనం కూపన్, రాత్రి ఉండాల్సి వస్తే గది, పెట్టెలు ఏ విమానంలో వస్తాయో. వీసా లేదని గది సంగతి వదిలేయకండి. దుబాయ్, దోహా విమానాశ్రయాల్లో లోపలే హోటళ్లు ఉన్నాయి. ఇంగ్లిష్ రానివాళ్లకు ఈ నాలుగూ, పీఎన్ఆర్, పిల్లల ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి. అమ్మ ఇప్పుడు ఆ కాగితం లేకుండా గడప దాటదు.

టెన్షన్‌లో సొంత డబ్బుతో వేరే టికెట్ కొనేసుకోవద్దు. మీరు ఎక్కలేదని రాసుకుని, అదే బుకింగ్‌లోని మిగతా ప్రయాణాలన్నీ, తిరుగు టికెట్‌తో సహా, రద్దు చేసే ప్రమాదం ఉంది.

చేరాక

తిండికి, గదికి పెట్టిన ఖర్చుల రసీదులు దాచండి. ఆలస్యమైనట్టు ఎయిర్‌లైన్స్ నుంచి లెటర్ తీసుకుంటే ఇన్సూరెన్స్‌కు పనికొస్తుంది. ఐరోపాలో ఉండే మనవాళ్లకు మరో హక్కుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయలుదేరి దోహా మీదుగా ఒకే బుకింగ్‌పై హైదరాబాద్ వస్తూ, కంపెనీ తప్పు వల్ల మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరితే ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం 600 యూరోల దాకా పరిహారం అడగొచ్చు.

పెట్టెలు రాకపోతే మాత్రం ఇంటికెళ్లాక చూద్దామనుకోకండి. బెల్టు పక్కనుండే బ్యాగేజీ కౌంటర్‌లో ట్యాగు చూపించి ఫిర్యాదు రాయించి, దాని నంబరు చేతికొచ్చాకే బయటికి రండి.