పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్ వైరస్: నాకు పనిచేసిన పద్ధతి

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి. పాప చిన్నప్పటి ఫొటోలు అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్ పడ్డాను. షార్ట్‌కట్లు డిలీట్ చేసినా, యాంటీవైరస్ స్కాన్ చేసినా మళ్లీ వచ్చాయి.

ఈ వార్మ్ (తనంతట తానే వ్యాపించే వైరస్) ఫైళ్లను చెరపలేదు, దాచేసింది. షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డర్‌తో పాటు వార్మ్ స్క్రిప్టూ (ఆదేశాలున్న చిన్న ఫైల్) నడుస్తుంది. అందుకే ముందు టాస్క్ మేనేజర్‌లో డబ్ల్యూస్క్రిప్ట్‌ను (విండోస్‌లో స్క్రిప్టులను నడిపే ప్రోగ్రామ్) ఆపాను. తర్వాత స్టార్టప్ ఫోల్డర్‌లో (లాగిన్ కాగానే వాటంతటవే నడిచేవి ఇందులో ఉంటాయి) నేను పెట్టని వీబీఎస్ అనే స్క్రిప్టు ఫైల్ తీసేశాను. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో పెన్‌డ్రైవ్ అక్షరానికి మారి, ఫైళ్ల గుర్తులను మార్చే అట్రిబ్ కమాండ్‌ను మైనస్ హెచ్ (దాచిన గుర్తు తీయడానికి), మైనస్ ఎస్ (సిస్టమ్ గుర్తు తీయడానికి), స్లాష్ ఎస్, స్లాష్ డీతో (లోపలి ఫైళ్లకూ ఫోల్డర్లకూ వర్తించడానికి) ఇచ్చాను. మైనస్ హెచ్ ఒక్కటే సరిపోదు, సిస్టమ్ గుర్తు కూడా పోవాలి. ఫొటోలన్నీ కనిపించాయి! వాటిని వేరేచోట కాపీ చేసుకున్నాకే షార్ట్‌కట్లు తీసేశాను.

అందరికీ ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. స్క్రిప్టును నడిపే ఎంట్రీ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోటు) కూడా ఉండొచ్చు. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే రాన్సమ్‌వేర్‌కైతే ఇది పనికిరాదు.