అమ్మ గురించి నాలుగు పేజీలు రాసిపెట్టుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి

మా అమ్మ పోయి రెండేళ్లైంది. పెళ్లై నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో ఒకే వీధిలో నలభై ఏళ్లకి పైనే ఉంది. పెద్దకర్మకి ఆవిడ గురించి నాలుగు పేజీలు రాసి అందరికీ పంచుదామని కూర్చుంటే "కష్టజీవి, అందరికీ సాయం చేసేది" అని రెండు ముక్కలే వచ్చాయి, ఏ అమ్మ గురించైనా అదే కదా రాస్తారు, ఇందులో మా అమ్మ ఎక్కడుంది అని ఏడుపొచ్చి ఆపేశా. చివరికి సంవత్సరీకానికి పూర్తైంది. ఎలా చేశానో చెప్తా, మీకు పనికొస్తుంది.

ముందు బయటవాళ్లని అడగండి. గడప దాటాక అమ్మ ఏం చేసిందో మనకి సగం తెలీదు. పరామర్శకి వచ్చినప్పుడే అందరూ ఒకచోట దొరుకుతారు, వాళ్లని అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. నేను అప్పుడు చెయ్యక తర్వాత ఆవడి, అంబత్తూరు అని ఒక్కొక్కరి ఇంటికీ తిరిగా. "అమ్మ ఎలాంటిది" అని మాత్రం అడగొద్దు, మంచిది అంటారు, అంతే. "అమ్మతో మీకు మొట్టమొదట ఏం పని పడింది" అని అడగండి.

అలా అడిగితేనే పక్కింటి అక్క చెప్పింది, 2003-04 కరువులో కొళాయిలు ఎండిపోయి లారీ నీళ్ల మీద బతికాం కదా, అప్పుడు అమ్మ ఒక్కో ఇంటి బిందె మెడకి ఒక్కో రంగు పాత చీర పీలిక కట్టి వరసలో పెట్టించేదట, పనికెళ్లినవాళ్ల వంతు తనే పట్టి వాళ్ల గుమ్మంలో పెట్టేదట. మాది పచ్చ పీలిక. అది ఇప్పటికీ మా బాత్రూంలో బిందెకి ఉంది, ఇన్నేళ్లు చూస్తూ ఎందుకు కట్టావమ్మా అని ఒక్కసారి అడగలేదు నేను.

పెద్దవాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, జరిగినవి గుర్తుంటాయి. ఎంజీఆర్ పోయినప్పుడు అంటే 1987 డిసెంబరు, శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపినప్పుడు అంటే 1991 మే, మద్రాసు పేరు చెన్నై అయింది 1996, సునామీ 2004 డిసెంబరు 26, పెద్ద వరద 2015. దానికి ముందా తర్వాతా అని అడుగుతూ పోతే మీ అమ్మ జీవితం దానంతటదే వరసలోకి వస్తుంది.

పని గురించి రాస్తే చేతులు కనపడాలి. మా అమ్మ టైలర్ షాపు నుంచి జాకెట్లు తెచ్చి హెమ్మింగు, కాజాలు, హుక్కులు కుట్టేది, సూది గుచ్చుకుని గుచ్చుకుని ఎడమ చూపుడువేలి కొస రాయిలా అయిపోయి, పాలు ఎంత వేడున్నాయో ఆ వేలితో తెలిసేది కాదు. "మా కోసం ఎంతో కష్టపడింది" కన్నా ఆ వేలు రాయండి.

పాత కాగితాలు పారేయకండి. రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, ముఖ్యంగా చీటీల నోటుబుక్కు. మా అమ్మ నోటుబుక్కులో ఒక పేరు పక్కన పెన్సిల్‌తో "ఈ నెల అడగొద్దు, పాప డెలివరీ" అని ఉంది. నా నాలుగు పేజీల్లో అంత గొప్ప వాక్యం ఒక్కటి లేదు.

జిగురు ఆల్బంలో అంటుకుపోయిన ఫోటోలని పీకొద్దు, చిరుగుతాయి. పగలు కిటికీ దగ్గర పెట్టి ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయండి, వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే క్లారిటీ పోతుంది. అమ్మ వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఇవాళే ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. మా తమ్ముడి ఫోన్ రిపేర్‌కి ఇస్తే మొత్తం చెరిపేసి ఇచ్చారు, "తిన్నావా నాయనా" అనే మెసేజ్ కూడా పోయింది.

ఇంకోటి, మన పిల్లలకి తెలుగు చదవడం రాదు. స్కూళ్లలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక ఇక్కడ తెలుగు చదివే పిల్లలు తగ్గిపోయారు, మా ఇంట్లోనూ అంతే. అందుకని రాసింది నేనే గట్టిగా చదివి రికార్డ్ చేసి మనవలందరికీ పంపా, మా చిన్నది అమ్మమ్మ బిందె కథ ఒక్కటే మళ్లీ మళ్లీ పెట్టమంటుంది.

ప్రింట్ తీస్తే చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి, పక్కన పెన్ను పెట్టండి. సంవత్సరీకం రోజు మా వీధిలో ఇస్త్రీ బండి ఆయన వచ్చి తమిళంలో ఆరు లైన్లు రాసి వెళ్లాడు.